ఫిరంగి ఒంటి మీది రాత: కర్నూలు, గుత్తి, గండికోట, కడప

మొదటి రోజు: కర్నూలు

సంక్రాంతి ముగిసి, పండుగకు సొంత ఊళ్లకు వచ్చినవారితో బస్సులు కిక్కిరిసి తిరుగుతున్న రోజుల్లో మేమిద్దరం కర్నూలు చేరుకున్నాము. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. నాతో వచ్చిన మా చిన్నాన్న కొడుకు ఇనుము పోతపోసే కార్ఖానాలో అచ్చులు కట్టే పని చేస్తూ ముప్పై ఏళ్లు గడిపినవాడు. పార్కుల్లోనూ, ఆఫీసుల ముందు పచ్చికలోనూ, నాలుగు రోడ్ల కూడళ్లలోనూ అలంకారంగా నిలబెట్టిన పాత ఫిరంగులను దగ్గరగా చూసి, అవి ఎవరివో, ఎప్పటివో వాటి ఒంటి మీదనే చదివి రాసుకోవాలని బయలుదేరాము. సంచిలో కొలత టేపు, చుట్టుకొలతకు దర్జీ వాడే గుడ్డ టేపు, చిన్న అయస్కాంతం, టార్చిలైటు, పల్చని తెల్ల కాగితాలు, మైనపు రంగుబలపాలు, మెత్తని బ్రష్షు, సన్నని వెదురు కర్ర పెట్టుకున్నాము. ఇనుప బ్రష్షు, ఎమరీ పేపరు, ఆమ్లాలు ముట్టుకోకూడదని ముందే నియమం పెట్టుకున్నాము.

ఉదయం కొండారెడ్డి బురుజు చూశాము. కర్నూలులో ఫిరంగుల మాట ఎత్తగానే గుర్తుకు రావలసింది 1839. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడన్న అనుమానంతో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం సైన్యాన్ని పంపినప్పుడు, కోటలో బయటపడిన ఫిరంగుల రాశిని చూసి వచ్చిన అధికారులే నిర్ఘాంతపోయారు. అంతఃపుర ఆవరణలోనే పోత కొలిములు నడిచాయని తేలింది. ఆ అక్టోబరులో జోహరాపురం దగ్గర నవాబు మనుషులకూ కంపెనీ సైన్యానికీ జరిగిన పోరులో నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి తరలించిన మరుసటి ఏడు, 1840లో, అక్కడే హత్యకు గురయ్యాడు. జోహరాపురం ఇప్పుడు నగరంలో కలిసిపోయిన పేట. మధ్యాహ్నం అక్కడి వీధుల్లో నడుస్తున్నంతసేపు నా మనసు ఆ కొలిముల చుట్టూనే తిరిగింది.

ఈ కథ తెలిసినవారికి కర్నూలులో ఏ ఫిరంగి కనిపించినా అది నవాబుదే అనిపిస్తుంది, తెలియనివారికి రాయలవారిది అనిపిస్తుంది. రెండూ ఫిరంగిని చూడకముందే చేసిన నిర్ణయాలే.

సాయంత్రం మేము వెళ్లిన చిన్న పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అక్కడ కనిపించిన పొరపాటు ఆ ఒక్క పార్కుకు పరిమితమైనది కాదు. సిమెంటు దిమ్మె మీద ఏడడుగుల ఇనుప నాళం, దాని ముందు "శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి ఫిరంగి" అని రాసిన బోర్డు ఉన్నాయి. నాళానికి ఏటేటా పూసిన వెండి రంగు పొరలు పొరలుగా పేరుకుపోయి, అంచులన్నీ మొద్దుబారి, నిండా పాకం పట్టిన అరిసెలా తయారైంది. మూతిలో ప్లాస్టిక్ సీసాలు, గుట్కా పొట్లాలు, ఎండుటాకులు కుక్కి ఉన్నాయి. వాటిని ముందు వెదురు కర్రతో మెల్లగా లాగి శుభ్రం చేశాము. పాత ఫిరంగులలో మందు, గుండు కూరినవి కూరినట్టే మిగిలిపోయిన సందర్భాలు ప్రపంచంలో చాలాచోట్ల బయటపడ్డాయి గనుక లోపల చెయ్యి పెట్టకుండా, కర్రతో లోపలి లోతు కొలిచి, బయటి పొడవుతో పోల్చి చూడడం మంచిది. మేము కొలిచినప్పుడు లోతు సరిగా రంజకపు రంధ్రం, అంటే మందుకు నిప్పు అంటించడానికి వెనక వైపు ఉండే రంధ్రం, దాకా వచ్చింది. లోపల ఏమీ లేదని అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు.

అంకెలు కనిపించడానికి చీకటి పడేదాకా ఆగాము. "లైటు ఎదురుగా వేస్తే ఏమీ కనపడదన్నా, పక్కనుంచి పడుకోబెట్టి వెయ్యి" అని తమ్ముడు నా చేతిలోని టార్చిని నాళం ఒంటికి ఆనించి పట్టించాడు. కాంతి వాలుగా పాకేసరికి, పగలు నున్నగా కనిపించిన వెండి రంగు మీద సన్నని నీడలు లేచాయి. నడిమి భాగంలో హృదయాకారపు గీత, దాన్ని చీలుస్తూ అడ్డగీతలు, ఆ గళ్లలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. వెనక వైపు, రంజకపు రంధ్రానికి దగ్గరలో 24, 2, 10 అనే మూడు అంకెలు ఎడం ఎడంగా ఉన్నాయి. కాగితం పరిచి, బలపాన్ని అడ్డంగా పట్టి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద పెన్సిలు రుద్దినట్టే రుద్దితే అన్నీ కాగితం మీదికి వచ్చాయి.

మమ్మల్ని చాలాసేపటి నుంచి గమనిస్తున్న పార్కు కాపలాదారు దగ్గరికి వచ్చి, "ఆ అంకెలు తారీఖంట సార్. 1810 ఫిబ్రవరి 24న చేసినారంట" అన్నారు. ఎవరో చెప్పిన మాటను ఆయన భద్రంగా గుర్తు పెట్టుకున్నారు. నిజానికి అది తారీఖు కాదు, తూకం. ఇంగ్లీషు ఫిరంగుల మీద బరువును మూడు అంకెలుగా చెక్కేవారు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కొక్కటి 112 పౌండ్లు. రెండవది అందులో నాలుగో వంతులు, ఒక్కొక్కటి 28 పౌండ్లు. మూడవది మిగిలిన పౌండ్లు. 24ను 112తో గుణిస్తే 2688, రెండు నాలుగో వంతులు 56, పైన 10, మొత్తం 2754 పౌండ్లు. అంటే దాదాపు 1250 కిలోలు. మధ్య అంకె ఎప్పుడూ 3కు మించదు, చివరి అంకె 27కు మించదు. ఈ చిన్న సూత్రం తెలిస్తే తూకాన్ని తారీఖుగా పొరబడే అవకాశమే ఉండదు. కాపలాదారు తన సెల్‌ఫోనులో గుణించి చూసుకుని, "ఇంత బరువా సార్ ఇది!" అని నాళం మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయారు.

హృదయాకారపు గుర్తు ఈస్టిండియా కంపెనీది, తన సరుకు మూటల మీద వేసుకున్న ముద్రే. అందులోని మొదటి అక్షరం 'వి', 'యునైటెడ్' అనే మాటలోని 'యు'ను పాత పద్ధతిలో అలా రాసేవారు. రెండు పోటీ కంపెనీలు కలిసిపోయి ఆ ఉమ్మడి పేరు వచ్చింది 18వ శతాబ్దపు తొలి దశాబ్దం చివర. రాయలవారు 1529లో కన్నుమూశారు. ఆ ఒక్క గుర్తుతోనే బోర్డు మీది మాట దాదాపు రెండు వందల ఏళ్లు తప్పింది. నాళం వెనక కొసన గుండులాంటి బుడిపె మీద ఇనుప కడియం ఒకటి ఉంది. ఓడలో పేల్చినప్పుడు మరీ వెనక్కి దొర్లిపోకుండా తాడు దూర్చి కట్టడానికి పెట్టిన కడియం అది. థామస్ బ్లోమ్‌ఫీల్డ్ అనే ఆయుధ తనిఖీ అధికారి 1780లలో దిద్దిన నమూనాతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. మూతి లోపలి వెడల్పు 107 మిల్లీమీటర్లు, అంటే 4.2 అంగుళాలు, అది 9 పౌండ్ల ఇనుప గుండును పేల్చే ఫిరంగి కొలత. వెరసి ఇది 18వ శతాబ్దం చివరా 19వ శతాబ్దం మొదటి భాగమా అన్న కాలంలో ఇంగ్లీషు పోత కార్ఖానాలో తయారై, కంపెనీ సొత్తుగా మన దేశానికి వచ్చిన 9 పౌండ్ల ఫిరంగి. నవాబు కొలిమికీ దీనికీ ఏ బంధమూ దాని ఒంటి మీద రాసి లేదు కాబట్టి, ఎంత మనసు పడినా, ఆ ముడి మేము వేయలేదు.

రెండవ రోజు: గుత్తి

డోన్ మీదుగా గుత్తికి పోయే దారిలో టీ తాగడానికి ఒక ఊళ్లో ఆగినప్పుడు, వెతకనిది కనిపించింది. బస్సులు ఆగే చోటికి పక్కనే సందు మలుపులో మొల లోతుకు పైగా నేల మీద నిలిచిన ఇనుప మొద్దు ఒకటి ఉంది. ఎద్దులబండి చక్రాలు గోడను గీసుకుపోకుండా మూలకు పాతినది కాబోలు. మూతి కిందికి, తోక పైకి తలకిందులుగా పాతిన ఫిరంగి నాళం అని తమ్ముడు దూరం నుంచే పసిగట్టాడు.

నిన్నటి ఫిరంగికీ దీనికీ పోలికే లేదు. ఒంటినిండా నాలుగు వేళ్ల వెడల్పున, ఒకదాని పక్కన ఒకటి ఇనుప కట్లు వరుసగా ఉన్నాయి. ఒక కట్టు పగిలి ఊడినచోట దాని కింద నిలువుగా, చేపాటి కర్రల్లా పేర్చిన ఇనుప బద్దలు కనిపిస్తున్నాయి. తుప్పు కూడా పోత ఇనుము తుప్పులా గుంటలు గుంటలుగా కాక, కుళ్లిన చెక్కలా నారలు నారలుగా లేచి ఉంది. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని, పగులులో వేలు పెట్టి, "ఇది పోత కాదన్నా, సాగగొట్టింది. బండి చక్రానికి పట్టా ఎక్కిస్తారు చూడు, అదే పని" అన్నాడు. బద్దలను గొట్టంలా పేర్చి, కొలతకు రవ్వంత ఇరుకుగా చేసిన కట్లను ఎర్రగా కాల్చి వాటి మీదికి తొడిగితే, చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకుని బద్దలను బిగించి పట్టుకుంటుంది. చక్రానికి పట్టా ఎక్కించే కమ్మరి కూడా ఇదే సూత్రంతో, కాల్చిన పట్టాను తొడిగి నీళ్లు పోస్తాడు. అంత పెద్ద పోత పోయడానికి కావలసిన కొలిమి లేకపోయినా, సమ్మెట బలంతోనూ కంటి కొలతతోనూ దక్కను కమ్మరులు ఈ విధంగా పెద్ద పెద్ద నాళాలు కట్టారు. తంజావూరు కోట మీది భారీ ఫిరంగి ఈ తరహాదే.

రాయలవారి కాలంలో ఫిరంగులు లేవని ఎవరైనా అనుకుంటే అది కూడా తప్పే. 1520లో రాయచూరు యుద్ధంలో బీజాపూరు సుల్తాను ఫిరంగులు విజయనగర సైన్యం మీద పేలాయి, ఓడిన సుల్తాను వదిలిపోయిన ఫిరంగులు రాయల చేతికి చిక్కాయి. పోర్చుగీసు తుపాకీదార్లు రాయల పక్షాన పోరాడారు. ఆ కాలపు ఫిరంగి అంటే కంచు పోత గానీ, ఇలాంటి కట్ల నాళం గానీ అయి ఉండాలి. అయితే కట్ల పద్ధతి దక్కనులో 18వ శతాబ్దం దాకా సాగింది కాబట్టి, పద్ధతిని బట్టే కాలాన్ని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. మేము పుస్తకంలో "కట్ల నాళం, సాగగొట్టిన ఇనుము, దేశీయ పని" అని మాత్రమే రాసుకున్నాము. రంజకపు రంధ్రంలో ఒక మేకు దిగగొట్టి ఉండడం కూడా రాశాము. విడిచిపోక తప్పని ఫిరంగి శత్రువుకు పనికిరాకుండా అలా మేకు కొట్టి పోయేవారు.

మేము కొలుస్తుండగా ఎదురింటి అవ్వ బయటికి వచ్చి, "మా తోపును పెరికకపోతారా నాయనా?" అని గాభరాగా అడిగింది. కాదని, చూసి పోతామని చెప్పాక, ప్రతి దసరాకూ దానికి పసుపు రాసి కుంకుమ పెడతానని చెప్పింది. తోక బుడిపె చుట్టూ గట్టిపడిన పసుపు పొర అందుకు సాక్ష్యంగా కనిపిస్తూనే ఉంది. ఈ నాళం మ్యూజియానికి పోవలసినదే అని కాసేపటి ముందే వాదించిన నేను ఆమె ముందు ఆ మాట ఎత్తలేకపోయాను.

గుత్తి కోట మధ్యాహ్నం ఎక్కాము. కొండ అంచున, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునే చిన్న మంటపం దాకా వెళ్లి కిందికి చూస్తే, ఏ ఫిరంగికీ ఈ శిఖరం అందదని తెలుస్తుంది. 1776లో హైదరలీ ఈ కోటను పట్టుకున్నది గుండ్ల బలంతో కాదు, ముట్టడి సాగి సాగి పైన నీళ్లు అయిపోవడంతో మురారిరావు లొంగక తప్పలేదు.

మూడవ రోజు: గండికోట

తాడిపత్రి, జమ్మలమడుగుల మీదుగా గండికోట చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. కోట రక్షిత కట్టడం కాబట్టి అక్కడ మిగిలిన పాత ఫిరంగిని కళ్లతో చూసి తృప్తి పడ్డాము గానీ టేపు తీయలేదు, కాగితం రుద్దలేదు. ఈ నియమం ఎవరికైనా చెప్పదగినదే. పురావస్తు శాఖ పరిధిలోని వస్తువును కొలవాలంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

నేను గండికోటకు వచ్చింది ఒక కొలిమి కోసం. 1652లో గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా, ఇక్కడ ఏలుతున్న పెమ్మసాని వంశం వారి నుంచి ఈ కోటను పట్టుకున్నాడు. అదే ఏడు ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆ కొలిమి సంగతి రాసి పెట్టాడు. మాయ్ అనే ఫ్రెంచి ఫిరంగీదారు మీర్ జుమ్లాకు ఇరవై ఫిరంగులు, పది 48 పౌండ్లవి, పది 24 పౌండ్లవి పోసి ఇస్తానని ఒప్పుకున్నాడు. అందుకు కావలసిన రాగి కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలను పోగు చేయించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదనీ, పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా ఆగ్రహించాడనీ తావెర్నియే రాశాడు. చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగా తయారు కాలేదు. ఒకటి పగిలింది, మరొకటి సగంలో ఆగింది, ఆ ఫ్రెంచివాడు కొలువు వదిలి వెళ్లిపోయాడు.

మాధవరాయ ఆలయపు ఖాళీ గర్భగుడి ముందు కూర్చుని నేను ఈ కథ చెప్పినప్పుడు తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన వృత్తి కంటితో ఆ వైఫల్యాన్ని విప్పి చూపాడు. ఫిరంగి కంచుకు సుమారు తొంభై పాళ్లు రాగి, పది పాళ్లు తగరం ఉండాలి. గుళ్ల నుంచి తెచ్చిన లోహం ఒక్కొక్క విగ్రహానికి ఒక్కొక్క పాకంగా, సీసం, తుత్తునాగం కలిసి ఉంటుంది. అన్నీ ఒకే మూసలో కరిగిస్తే పాకం ఎంతకు వచ్చిందో ఎవరికీ తెలియదు. 48 పౌండ్ల ఫిరంగికి టన్నుల కొద్దీ లోహం ఒకేసారి, మధ్యలో ఆగకుండా అచ్చులోకి దిగాలి. అచ్చులో పిసరంత చెమ్మ ఉన్నా ఆవిరి పుట్టి లోపల బుడగలు మిగులుతాయి. "పైకి నున్నగానే ఉంటాదన్నా. మందు కూరి నిప్పు పెట్టిన రోజు తెలుస్తాది" అన్నాడు. కరగని ఆరు విగ్రహాల గురించి నేను అడగలేదు, అతనూ ఏమీ అనలేదు. లేచేటప్పుడు గడపకు చెయ్యి ఆనించి కళ్లకు అద్దుకున్నాడు.

పార్కుల్లో ఎప్పుడూ ఇనుప ఫిరంగులే కనిపించడానికి కారణం కూడా ఈ కొలిమిలోనే ఉంది. కంచుకు ఎప్పుడూ ధర ఉంటుంది. విగ్రహం ఫిరంగి కావచ్చు, ఫిరంగి గంట కావచ్చు, గంట బిందె కావచ్చు. కరిగించి లాభపడే అవకాశం తక్కువ కాబట్టే పోత ఇనుప నాళాలు గడ్డిలో పడి మిగిలాయి. ఎక్కడైనా ఫిరంగికి అయస్కాంతం అంటుకోకపోతే, పగుళ్లలో ఆకుపచ్చని చిలుము కనిపిస్తే, అది కంచు. అలాంటిది బహిరంగ స్థలంలో ఉంటే వెంటనే సంబంధిత శాఖకు తెలియజేయడం మంచిది, ఎందుకంటే దొంగలకూ ఆ ధర తెలుసు.

నాల్గవ రోజు: కడప

ఉదయం కారం దోసె తిని, ఒక కాలనీ పార్కులో ఉందని విన్న ఫిరంగిని చూడబోయాము. ఇక్కడ పెద్దగా రాయవలసింది లేదు. నీళ్ల గొట్టానికి రెండు పక్కలా కడ్డీలు వెల్డింగు చేసి, నల్ల రంగు పూసి, చక్రాల మీద ఎక్కించిన అలంకారం అది. వెనక రంజకపు రంధ్రం లేదు, నాళం మందం మూతి దగ్గరా తోక దగ్గరా ఒకటే ఉంది. నిజమైన ఫిరంగి మందు పేలే వెనక భాగంలో లావుగా ఉండి మూతి వైపు సన్నబడుతుంది.

తర్వాత సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాము. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో వెలసిన గ్రంథాలయం అది. నాలుగు రోజులుగా మా నోట నానుతున్న మాటలను అక్కడి నిఘంటువుల్లో వెతుక్కున్నాను. ఐరోపావారిని తూర్పుదేశాలవారు పిలిచిన 'ఫరంగీ' అన్న పేరే మన 'ఫిరంగి' అయింది. అవ్వ నోట విన్న 'తోపు' తురుష్క భాష నుంచి వచ్చింది, 'తోపుఖానా' దాని బంధువే. నిప్పు అంటించడానికి రంధ్రం దగ్గర పోసే పొడి 'రంజకం'. పార్కు బోర్డుల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించే 'శతఘ్ని' మాత్రం పురాణాల నుంచి తెచ్చి ఫిరంగికి తొడిగిన మాట. ఆ మాట చదివిన పిల్లలకు ప్రతి ఫిరంగీ వెయ్యేళ్ల నాటిదిగా తోచడంలో ఆశ్చర్యం లేదు. నా మటుకు నాకు బోర్డు మీద 'ఫిరంగి' అని ఉంటేనే ఇష్టం, ఆ మాటలోనే దాని ప్రయాణం వినిపిస్తుంది.

సాయంత్రం సిద్ధవటం వెళ్లి, పెన్న ఒడ్డున కోట గోడ నీడలో కూర్చుని కాగితాలన్నీ వరుసలో పెట్టి, ఒక్కొక్క దాని వెనక ఊరు, తేదీ, కొలతలు, ముద్ర ఉన్న చోటు రాశాము. చోటు రాయకపోతే రుద్దిన కాగితానికి సగం విలువ పోతుంది.

ఐదవ రోజు: మళ్లీ కర్నూలు

నంద్యాల మీదుగా తిరిగి వస్తుండగా పార్కు కాపలాదారు నుంచి ఫోను వచ్చింది. మొదటి రోజు నా నంబరు ఆయనకు ఇచ్చి వచ్చాను. "సార్, జనవరి 26 వస్తాంది కదా, రేపు పెయింటర్లు వస్తారంట. ఆ తూకం అంకెల మీద మళ్లా కొట్టేస్తారు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

బస్సు దిగి నేరుగా పార్కుకు వెళ్లేసరికి పెద్దాయన కంపెనీ ముద్ర ఉన్న చోటును, అంకెల చోటును తడిగుడ్డతో తుడిచి ఉంచారు. రంగు వద్దని మేము చెప్పలేదు. ఎండావానల్లో ఉన్న ఇనుముకు పూత అవసరమే, కాకపోతే పాత పొరల మీద పొరలు వేస్తూ పోతే ముద్రలు పూడిపోతాయి. పాత పొరను నిపుణుల చేత తీయించి, తుప్పు పట్టనివ్వని పల్చని పూత ఒకటి వేయించాలనీ, మూతి కొద్దిగా కిందికి వాలేలా దిమ్మెను సరిచేసి వాన నీరు లోపల నిలవకుండా చూడాలనీ, బోర్డు మీది వాక్యం మార్చాలనీ, అందుకు ఆధారాలు ఇవీ అంటూ రెండు పేజీల అర్జీ రాసి, రుద్దిన కాగితాల నకళ్లు జతచేసి ఆయన చేతికి ఇచ్చాము. అది పైవారికి చేరేలోగా రేపటి రంగు సంగతి చూడాలి. తమ్ముడు పక్క అంగడి నుంచి పెయింటర్లు వాడే కాగితపు టేపు కొనుక్కొచ్చి, ముద్ర మీద ఒకటి, అంకెల మీద ఒకటి, అంచులు గోటితో గట్టిగా నొక్కి అంటించాడు. పెద్దాయన నా చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, టేపు మీద తన రాతతో "దీని మీద రంగు వేయరాదు. 2754 పౌండ్లు" అని రాశారు.